తుమ్మకంప మీద ముప్పై మూడు మీటర్ల నీళ్ళు

ఉదయం ఆరూ నలభైకి మా రెండు ట్రక్కులు హైవే వదిలి ఎర్రమట్టి దారి పట్టాయి. నవంబరు నెల. తూర్పు నుంచి సన్నటి చలిగాలి. దారికి రెండువైపులా వేరుశనగ పీకేసిన చేలు. వెనక గుట్టల మీద గాలిమరలు. ముందు ట్రక్కులో కెప్టెన్ సాబ్ పక్కన నేను కూర్చున్నాను. వెనక ట్రక్కులో రబ్బరు బోటు, గాలి నింపే కంప్రెసర్, పద్దెనిమిది జంట సిలిండర్లు, రెండు ఆక్సిజన్ సిలిండర్లు, తాళ్ళు, రీళ్ళు, ఇంకో ఏడుగురు మనుషులు.

"హవల్దార్, ఇది నీ జిల్లాయే కదా?" అన్నాడు కెప్టెన్ సాబ్.

"అవును సార్."

"ఇక్కడ ముప్పై మీటర్ల లోతు నీళ్ళున్నాయని ఎప్పుడూ చెప్పలేదే?"

"నాకూ తెలీదు సార్. నా ఎరుకలో ఎప్పుడూ లేవు."

నేను సైన్యంలో ఇంజనీర్ల దళంలో డైవర్‌ని. అంటే నీళ్ళ కింద పనిచేసే సైనికుణ్ణి. రిటైరై ఊరికొచ్చాక జనం నన్ను అడిగేది ఒక్కటే. "యే బార్డర్‌లో చేసినావన్నా? మంచులో ఉన్న్యావా?" మంచులోనూ చేశాను. కానీ పదిహేడేళ్ళ సర్వీసులో నన్ను ఎక్కువ భయపెట్టిన రోజులు మా కళ్యాణదుర్గానికి గంటన్నర దూరంలో గడిచాయి. వినేవాళ్ళకు అది డ్యూటీలా అనిపించదు. అందుకే రాస్తున్నాను.

ఆనకట్ట మీద మమ్మల్ని ఒక లస్కర్ కలిశాడు. గేట్లు ఎత్తి దించే ఉద్యోగి. పేరు ఓబులేసు. యాభై అయిదేళ్ళుంటాయి. ఖాకీ చొక్కా, లుంగీ, తలకు తువ్వాలు. నేను తెలుగులో పలకరించగానే మొహం విచ్చుకుంది.

"ఏ ఊరప్పా మీది?"

"కళ్యాణదుర్గం కాడ పల్లె అన్నా."

"అట్లయితే నీకు చెప్పే పని లేదు. పన్నెండేండ్లకు నిండినాది ఇది. నిండిన వారానికే అడుగు తూము కాడ గేటు చెడిపాయ. వరదకు ఏదో మొద్దు వచ్చి ఇరుక్కున్యాది. రోజుకు జానెడు లెక్కన నీళ్ళు ఇసకలోకి పోతాండాయి. కండ్లార చూస్తా కూచున్యాము."

సంగతి అంతే. తూముకు రెండు గేట్లు. బయటి గేటు సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. లోపలివైపు ఆపద గేటు ఉంది, కానీ అది జారే గాడిలో అడుగున వేపమొద్దు అడ్డం పడింది. ఆ మొద్దుకు ఇనుపతాడు చుట్టి, పైనుంచి క్రేనుతో లాగితే గేటు దిగుతుంది. తాడు చుట్టడం మా పని. లోతు ముప్పై మూడు మీటర్లు.

సాయంత్రం నాలుగింటికి కెప్టెన్ సాబ్ ఆర్డర్లు చదివాడు. ఇద్దరు దిగుతారు. నేను, నా జోడీ. మునిగినప్పటి నుంచి అడుగు వదిలేదాకా ఇరవై రెండు నిమిషాలు, అంతకు మించి వద్దు. దిగేది ఆనకట్ట గోడ వెంబడి, క్రేన్ తాడు పట్టుకుని. పైకొచ్చేది మాత్రం గోడకు నలభై మీటర్ల అవతల. గోడ పక్కన తూము లాగుతుంది. ఇద్దరూ నీళ్ళ పైకి తేలేదాకా క్రేన్ కదలదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. లోతులో పీల్చిన గాలి ఒత్తిడికి రక్తంలో, కీళ్ళలో కరిగిపోతుంది. నెమ్మదిగా పైకొస్తే ఊపిరితోపాటు బయటికి పోతుంది. తొందరపడితే ఉన్నచోటే బుడగలవుతుంది. కీలు పట్టేస్తుంది, కాళ్ళు పడిపోతాయి, మనిషే పోవచ్చు. అందుకని దారిలో ఆగాలి. మొదట ఆరు మీటర్ల దగ్గర, తర్వాత మూడు మీటర్ల దగ్గర. ఎన్ని నిమిషాలన్నది పట్టికలో ఉంటుంది. మన పీఠభూమి సముద్రానికి నాలుగు వందల మీటర్ల ఎత్తు కాబట్టి ఆ నిమిషాలు ఇంకా పెరుగుతాయి. తేడా జరిగితే మనిషిని లోపల పెట్టి బుడగల్ని మళ్ళీ కరిగించే ఒత్తిడి గది తొమ్మిది గంటల దూరంలో, తీరంలో ఒక ఆసుపత్రిలో ఉంది.

పట్టుకోవడానికి ఏమీ లేని నీళ్ళలో ఆరు మీటర్ల దగ్గర కదలకుండా ఆగడం కష్టం. దానికే లిఫ్ట్ బ్యాగు, రీలు. మరునాడు పొద్దున ఒడ్డున వాటిని సర్దుతుంటే ఓబులేసు వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఈ సంచి ఏమిటికప్పా?"

"కిందినుంచి దీంట్లోకి రోంత గాలి వదులుతామన్నా. బుడగ మాదిరి పైకి పోతాది. దీనికి కట్టిన దారం ఈ రీలుకు చుట్టింటాది. సంచి పైన తేలితే, దారం పట్టుకోని మేము కింద యాలాడుతాము. బోటులో వాళ్ళకు మేము యాడ ఉండామో తెలుస్తాది."

"రెండు రంగులు ఏంటికి?"

"నారింజ రంగు తేలితే అంతా బాగుండాదని. పసుపుపచ్చది తేలితే గాలి అయిపోతాంది, సిలిండర్ తెమ్మని."

ఆయన పసుపు సంచిని వేళ్ళతో నలిపి చూశాడు. "ఇది బయటికి రాకూడదు అయితే," అన్నాడు.

మొదటి డైవులోనే అసలు సంగతి బయటపడింది. పన్నెండేళ్ళు ఎండిన చెరువు అడుగులో సర్కారు తుమ్మ అడవిలా పెరిగింది. ఎవరూ కొట్టలేదు. అదంతా ఇప్పుడు నీళ్ళ కింద నిలబడి ఉంది. కొన్ని చెట్లు ఎనిమిది మీటర్లు. లైటు వేస్తే అరమీటరు కనిపిస్తుంది, అదీ ఎర్రగా. ఆ ఎరుపులోంచి ఉన్నట్టుండి ముళ్ళకొమ్మ మొహం మీదికి వస్తుంది.

నా జోడీ అప్పన్న. నాయక్, నాకన్నా ఒక హోదా కింద. శ్రీకాకుళం జిల్లా, చేపలవాళ్ళ ఇల్లు. పుట్టుకతో ఈత. నాలుగేళ్ళుగా నాతోనే దిగుతున్నాడు. పైకొచ్చి మాస్కు తీయగానే అన్నాడు:

"ఏటన్నా ఇది? నీళ్ళ కింద ముళ్ళకంపేటి? మా సముద్రంలో అన్నీ ఉన్నాయి గానీ ఇది మాత్రం నేదు."

"మా ఊర్లో ముందు కంప వస్తాది, నీళ్ళు తర్వాత వస్తాయి," అన్నాను. నవ్వుకున్నాం.

పైకి రావడానికి నిలువుగా ఒక తాడు కట్టి చూశాం. గాలికి తాడు ఊగి కంపలో చుట్టుకుంది. విడిపించలేక సగానికి కోసేశాం. ఇక లిఫ్ట్ బ్యాగు తప్ప దారి లేదు. రెండు రోజులు అలాగే దిగాం. గాడిలో బురద తోడాం, మొద్దు చుట్టూ చెయ్యి పట్టేంత సందు చేశాం. రెండుసార్లూ నారింజ సంచి చక్కగా తేలింది. రెండుసార్లూ ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు మోటార్‌సైకిళ్ళ మీద వచ్చి కట్ట మీద కూర్చునేవాళ్ళు.

నాలుగో రోజు గాలి మారింది. బంగాళాఖాతంలో వాయుగుండం. తెల్లవారేసరికి జల్లు. ఎనిమిదింటికి నీళ్ళ మీద అలలు లేచాయి. కెప్టెన్ సాబ్ కట్ట మీద నిలబడి చాలాసేపు చూశాడు.

"రేపు చేద్దాం," అన్నాడు.

అప్పుడు నేను మాట్లాడకుండా ఉండాల్సింది.

"సార్, రేపటికి ఇంకో జానెడు పోతుంది. నీళ్ళ కింద ఈ ఈదురుగాలి ఉండదు. సందు చేసేశాం. తాడు చుట్టి వచ్చేయడమే."

"పైకొచ్చాక మిమ్మల్ని బోటు అందుకోవాలి కదా?"

"అందుకుంటుంది సార్."

ఆయన అప్పన్న వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

అప్పన్న నా మొహం చూశాడు. "అన్న దిగితే నేనూ దిగుతాను సార్."

ఆ నీళ్ళతో వాడికి సంబంధం లేదు. ఆ జిల్లా వాడిది కాదు.

పదీ పదికి నీళ్ళలో మునిగాం. సిలిండర్ల గేజీలో గాలి ఒత్తిడి నూట తొంభై బార్లు, అంటే దాదాపు నిండు. మూడో నిమిషానికి అడుగున ఉన్నాం. వేపమొద్దు గాడిలో ఏటవాలుగా పడి ఉంది. నాలుగు మీటర్ల అవతల, కుడివైపు తూము నోరు. అది కనిపించదు. లైటు వెలుతురులో బురద రేణువులన్నీ ఒకే వైపు పోతుంటాయి, దాన్నిబట్టి తెలుస్తుంది. కాళ్ళకు తొడుక్కున్న రెక్కల్ని ఎవరో మెల్లగా పట్టి లాగుతున్నట్టు ఉంటుంది.

ఇనుపతాడు రెండు చుట్లు వేశాం. కొక్కెం బిగించింది అప్పన్న. పది ఇరవై తొమ్మిదికి వాడు బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపించాడు. అయిపోయింది. గోడను వదిలి, కంప తలల మీదుగా ఈదడం మొదలుపెట్టాం. దిక్సూచి నా చేతిలో. వాడి చెయ్యి నా భుజం మీద.

పదిహేను మీటర్లు వెళ్ళామేమో. భుజం మీద చెయ్యి లేదు.

వెనక్కి తిరిగి లైటు వేశాను. ఎరుపు తప్ప ఏమీ లేదు. ఒక్క గజం వెనక్కి ఈదాను. బుడగల చప్పుడు వినిపించింది, చాలా వేగంగా. చెయ్యి చాపితే వాడి కాలు తగిలింది. సిలిండర్ల మెడ దగ్గర ఒక కొమ్మ దూరింది. గాలి గొట్టం చుట్టూ ఇంకో కొమ్మ. విడిపించుకోవాలని తిరిగినకొద్దీ లోపలికి పోతున్నాడు. వాడి గుండెల మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కాను. కదలకు. వాడు ఆగాడు. కత్తి తీశాను. తుమ్మకట్టె నానితే ఇంకా గట్టిపడినట్టుంది. ఏడు నిమిషాలు కోశాను. చేతి తొడుగులు చిరిగాయి. వాడి కళ్ళు మాస్కులో పెద్దవిగా, నా మీదే ఉన్నాయి.

పది నలభై ఒకటి. ఇరవై రెండు నిమిషాల ఆర్డరు ముప్పై ఒకటి అయింది. మణికట్టుకు కట్టుకున్న పట్టిక చూశాను. ఆరు మీటర్ల దగ్గర పది నిమిషాలు. మూడు మీటర్ల దగ్గర ఇరవై ఆరు. నా గేజీ యాభై అయిదు. వాడిది ఇరవై అయిదు. చాలదు.

అయినా నారింజ సంచి తీశాను. మూతి తెరిచి గాలి వదిలాను. రీలును శరీరానికి దూరంగా పట్టుకున్నాను. బిగిస్తే అది మనిషిని కూడా పైకి ఈడ్చుకుపోతుంది. దారం గిరగిరా తిరిగింది. పది మీటర్లు, పన్నెండు. తర్వాత నెమ్మదించింది. ఆగింది. వదులైంది.

పైకి చూశాను. దారం చుట్టలు చుట్టలుగా మా మీదికే దిగుతోంది. దాని వెనక నారింజ గుడ్డ, ఖాళీగా. నా చేతిలోంచి కదిలే ముందే దాన్ని ఏదో ముల్లు చీల్చింది. దారం మాకు చుట్టుకోకముందే రీలుతో సహా వదిలేశాను.

అప్పన్న నా పట్టీ పట్టుకున్నాడు. పట్టుకోవడానికి దారం లేదు, చూడటానికి అడుగు లేదు. లోతు చూపించే గేజీ ఒక్కటే కళ్ళకు పది సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుని పైకి లేచాం. ఇరవై. పదహారు. పన్నెండు. అక్కడ పసుపు సంచి తీసి వదిలాను. ఈసారి దారం పైదాకా పరుగెత్తింది. అలల ఊపు దారంలోంచి నా చేతికి తెలిసింది. తేలింది. పది నలభై అయిదుకు ఆరు మీటర్ల దగ్గర దారం పట్టుకుని వేలాడుతున్నాం.

పైన ఏం జరిగిందో తర్వాత తెలిసింది. బోటులో కెప్టెన్ సాబ్ పసుపు సంచిని చూశాడు. ఇంజను వేశాడు. మేం కోసి వదిలిన పాత తాడు ముక్క పంకాకు చుట్టుకుంది. ఇంజను ఆగింది. గాలి బోటును గోడవైపు నెట్టసాగింది. వాకీటాకీలో ఒడ్డున ఉన్న మెడిక్‌కు, అంటే మా దళం వైద్య సహాయకుడికి, చెప్పాడు: "పసుపు. మేం కదల్లేం. ఒడ్డున ఉన్న సిలిండర్ ఎలాగైనా చేర్చు."

మెడిక్ తమిళ కుర్రాడు. ఈత తప్ప తెడ్డు తెలియదు. అతను వాకీటాకీ పట్టుకుని చుట్టూ చూస్తుంటే ఓబులేసు అప్పటికే చేపలు పట్టేవాళ్ళ పుట్టిని నీళ్ళలోకి తోస్తున్నాడట. పుట్టి అంటే గుండ్రటి తట్టలాంటి పడవ.

"పసుపుపచ్చది వచ్చినాది. ఎక్కప్పా, బిరాన! ఆ సిలిండర్ ఎత్తుకో!"

ఇవేవీ మాకు కింద తెలియవు. నాలుగో నిమిషంలో అప్పన్న అరచేతితో గొంతు కోసినట్టు సైగ చేశాడు. గాలి అయిపోయింది. నా రెండో గొట్టం వాడి నోటికి ఇచ్చాను. ఇద్దరం ఒకే జంట సిలిండర్ మీద. వాడు వేగంగా పీలుస్తున్నాడు. గేజీ ముల్లు కదలడం కంటికి తెలుస్తోంది. నలభై. ముప్పై అయిదు. వాడు బొటనవేలు పైకి చూపించాడు. పోదాం. నేను తల అడ్డంగా ఊపాను. మళ్ళీ చూపించాడు. పట్టీ బిగించి పట్టుకున్నాను.

ఆరో నిమిషం. ఇరవై రెండు. ఎవరూ రావడం లేదు.

ఎంత పైన ఉంటే ఊపిరికి అంత తక్కువ గాలి ఖర్చవుతుంది. మూడు మీటర్లకు పోతే ఇంకొన్ని నిమిషాలు బతుకుతాం. కానీ ఆరు మీటర్ల దగ్గర నాలుగు నిమిషాలు బాకీ. డైవ్ లీడర్ నేను. నిర్ణయం నాది. వాడి భుజం తట్టి, మూడు వేళ్ళు చూపించాను. పైకి జరిగాం.

రెండు నిమిషాల తర్వాత పసుపు దారం మూడుసార్లు లాగినట్టయింది. దాని వెంబడి ఒక కొక్కేనికి వేలాడుతూ నిండు సిలిండర్ దిగివచ్చింది.

రెండే నిమిషాలు.

కొత్త గాలి పీలుస్తూ మళ్ళీ ఆరు మీటర్లకు దిగి, ఆ స్టాప్ మొదటినుంచి చేశాం. మూడు మీటర్ల దగ్గర పట్టిక చెప్పినదానికి ఇంకో పదిహేను కలిపాం. చలికి పళ్ళు కొట్టుకున్నాయి. పన్నెండు కావస్తుండగా తేలాం. పుట్టిలోంచి ఓబులేసు నా జుట్టు పట్టుకుని లాగినంత పని చేశాడు.

"ఉండారా? ఇద్దురూ ఉండారా?"

"ఉండామన్నా."

ఆయన ఏడ్చేశాడు. అప్పన్న నవ్వాడు. "నాకేటీ అవ్వలేదు," అన్నాడు.

సాయంత్రం అయిదింటికి టీ గ్లాసు పట్టుకోబోతే వాడి కుడిచేతిలోంచి జారింది. రెండోసారి కూడా జారింది. భుజం లోపల ఎవరో మేకు తిప్పుతున్నట్టుందన్నాడు. మెడిక్ ఆక్సిజన్ పెట్టాడు. కెప్టెన్ సాబ్ హెలికాప్టర్ అడిగాడు. వాతావరణం బాగాలేదన్నారు. అంబులెన్స్‌లో వాడి పక్కన నేను కూర్చున్నాను. తొమ్మిది గంటలు. వాడు ఆక్సిజన్ మాస్కు జరిపి ఒక్కసారే మాట్లాడాడు.

"మొద్దు లాగేశారా అన్నా?"

"రేపు లాగుతారు."

"కొక్కెం నేను బాగానే బిగించాను. అది ఊడదు."

ఊడలేదు. మరునాడు మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో ఉంటే ఓబులేసు ఫోన్ చేశాడు. "మొద్దు లేసొచ్చినాదప్పా! గేటు దిగినాది. తూము కాడ చుక్క లేదు. ఎండాకాలం తాగేదానికి దిగులు లేదు. మీ వానికి చెప్పు, మా ఊర్లన్నీ వాని పేరు చెప్పుకుంటాండాయని." అప్పటికి అప్పన్నను ఒత్తిడి గదిలో పెట్టారు. గుండ్రటి అద్దంలోంచి చేతులు ఊపి, గేటు దిగినట్టు సైగ చేశాను. వాడు ఎడమచేతి బొటనవేలు ఎత్తాడు.

విచారణలో నేను దాచింది లేదు. ఆ ఈదురుగాలిలో దిగుదామని నేనే అన్నానని, స్టాప్ నాలుగు నిమిషాలు కోసింది నేనేనని రాసిచ్చాను. డాక్టరు నన్ను కూర్చోబెట్టి, ఆ నాలుగు నిమిషాల వల్లో, కంపలో ఏడు నిమిషాల పెనుగులాట వల్లో ఎవరూ చెప్పలేరన్నాడు. కెప్టెన్ సాబ్ తన వాంగ్మూలంలో ఒకే వాక్యం రాశాడు: "దిగమని ఆదేశించింది నేను." నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అప్పన్న అసలే అనలేదు. అంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

నేను ముందుగా యూనిట్‌కు వచ్చేశాను. నలభై రోజుల తర్వాత వాడూ వచ్చాడు. స్టేషన్‌కు జీపు తీసుకుని నేనే వెళ్ళాను. ఇస్త్రీ చేసిన యూనిఫారంలో దిగాడు. పెట్టె ఎడమచేతిలో ఉంది. దారిలో వాళ్ళ అమ్మ పంపిన ఎండుచేపల గురించి మాట్లాడాడు. ఇక డైవింగ్‌కు పనికిరావని రాశారని, స్టోర్లో వేస్తారేమోనని అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

గేటు లోపల జీపు ఆపేసరికి కెప్టెన్ సాబ్ ఆఫీసులోంచి మెట్లు దిగి వస్తున్నాడు. అప్పన్న పెట్టె కింద పెట్టాడు. అటెన్షన్‌లో నిలబడ్డాడు. సెల్యూట్‌కు కుడిచెయ్యి ఎత్తాడు.

అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

ఎడమచెయ్యి సాయం రాబోయి, మళ్ళీ ప్యాంటు కుట్టుకు అంటుకుంది. మెడ నరాలు బిగుసుకున్నాయి. చెయ్యి పైకి పోవడం లేదు. దించడమూ లేదు. ఇప్పటికీ నేను కళ్ళు మూస్తే కనిపించేది అదే. మధ్యాహ్నపు ఎండ, దారి పక్కన సున్నం కొట్టిన రాళ్ళ మధ్య వాడు, భుజం దగ్గర ఆగిన ఆ చెయ్యి. ఎదురుగా కెప్టెన్ సాబ్ బూట్లు కలిపి నిలబడి, తన చెయ్యి నుదుటికి ఎత్తి, దించకుండా, వాడి కోసం ఎదురుచూడటం.